పడవతో పయనించే పరాయి ప్రాణులు

కోల్‌కతాలో నివసించే మన తెలుగు కుటుంబాలకు రవీంద్ర సరోవరం సుపరిచితమే. తెలతెలవారుతుండగా ఆ నీటిపై సన్నని పడవలు సాగిపోవుట కనులకు విందు. 1858లో ఏర్పడిన కలకత్తా రోయింగ్ క్లబ్ మొదలుగా పలు సంస్థలు ఇచ్చట ఈ క్రీడను పోషించినవి. మన ఉద్యోగుల పిల్లలలోనూ దీనిపై మక్కువ గలవారు ఉండవచ్చును. అట్టివారు తెడ్డు పట్టుటతోపాటు పడవను శుభ్రపరచుట కూడ నేర్వవలెనని మా మనవి. ఇది మెరుగు కొరకు కాదు; ఒక నీటిలోని కలుపును మరొక నీటికి మోసుకొనిపోకుండుటకు.

పరాయి మొక్క చేయగల కీడును బెంగాల్ బాగుగా ఎరుగును. దక్షిణ అమెరికాకు చెందిన గుర్రపుడెక్కను పూల అందానికి ముచ్చటపడి తెచ్చి పెంచినారు. అది కాలువలను కమ్మి పడవలను అడ్డగించినది; చేపలకు ప్రాణవాయువు కరవు చేసినది. 1936లో దాని నిర్మూలనకు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది. ఇన్ని దశాబ్దాలు గడచినను అది పోలేదు. హౌరాలోని సాంత్రాగాచీ సరస్సులో వలసపక్షుల రాకకు ముందు దానిని తొలగించుట ఏటేటి పనియైనది. కారణం సులభగ్రాహ్యమే. ఒక్క పిలక చాలును, కొత్త గుంపు మొలుచుటకు. విత్తనాలు బురదలో ఏండ్ల తరబడి సజీవంగా ఉండగలవు. కనుక పడవకు అంటిన పిడికెడు బురదను సైతం ఉపేక్షించరాదు.

మొక్కలే కాదు, జీవులూ ఇట్లే పయనించును. మధ్య అమెరికా తీరాలకు చెందిన ఒక చిన్న ఆల్చిప్ప జాతి 1967లో మన విశాఖపట్నం నౌకాశ్రయంలో కనబడి, అచ్చటనే స్థిరపడినది. ఇదే జాతి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరపు విహారనౌకల రేవులో బయటపడినది. ఏదో ఒక నౌక అడుగున అంటుకొని వచ్చియుండునని నిపుణుల భావన. అధికారులు రేవుల ద్వారాలు మూసి, నీటిలో క్లోరిన్, మైలుతుత్తం కలిపి, దానిని నిర్మూలించినారు. ద్వారాలున్న రేవులగుట వలన, ఆరంభంలోనే కనుగొనుట వలన అది సాధ్యమైనది. అయినను ఖర్చు 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటినది. ఆ నీటిలోని ఇతర జీవులూ బలియైనవి.

మనం చేయవలసినది స్వల్పమే. పడవను గట్టుకు చేర్చగనే అడుగుభాగం, తెడ్లు, త్రాళ్ళు, మోసే బండి చక్రాలు పరిశీలించి, కలుపు, బురద తీసివేయవలెను. లోపల నిలిచిన నీటిని అచ్చటనే పారబోయవలెను. కంటికి ఆనని పిల్లజీవులు అందులో దాగియుండును. పిమ్మట శుభ్రమైన నీటితో, వీలైనచో వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరనీయవలెను. కోల్‌కతా వర్షాకాలపు తేమలో ఒక్కనాటి ఎండ చాలదు. మూలమూలలా పొడిబట్టతో తుడిచి, కొన్ని దినములు ఆరబెట్టిన తరువాతనే వేరొక నీటిలో దింపవలెను. పోటీలకై ఊరూరు తిరిగే పడవల విషయంలో ఇది మరింత ముఖ్యం.

పడవలు లేని ఇండ్లకూ ఒక మాట. అద్దాల తొట్టెలో పెంచిన చేపలను, మొక్కలను విసుగుపుట్టినపుడు చెరువులో వదలవద్దు. గుర్రపుడెక్క కూడ ఒకనాడు ముచ్చటపడి తెచ్చుకొన్నదే.