లిమిటర్ జోలికి వెళ్లొద్దు

సూపర్‌బైకు ఇంటికొచ్చిన కొద్ది రోజులకే దాని ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) 'లాక్' తీయించడం కుర్రకారుకు మోజుగా మారింది. షాపులో ల్యాప్‌టాప్ తగిలించి కంపెనీ ప్రోగ్రాం చెరిపేస్తారు. కొత్త ప్రోగ్రాం (మ్యాప్) ఎక్కించి, ఇంజిన్ వేగానికి హద్దు పెట్టే రెవ్ లిమిటర్‌ను ఇంకో వెయ్యి ఆర్‌పీఎం పైకి జరుపుతారు. కంపెనీ దాచిపెట్టిన శక్తిని బయటికి తీశామని నమ్మబలుకుతారు. రోడ్డు మీద తిరిగే బండికి ఈ పని చేయడం ప్రమాదకరం, దీన్ని ఆపి తీరాలి.

యమహా ఆర్6 సంగతే చూడండి. 599 సీసీ, నాలుగు సిలిండర్లు. పిస్టన్ ప్రయాణించే దూరం 42.5 మిల్లీమీటర్లే. 16,000 ఆర్‌పీఎం వద్ద ఒక్కో వాల్వు సెకనుకు 133 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ సగటు వేగం సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. అంత వేగంలో ఉన్న పిస్టన్ ప్రతి స్ట్రోకు చివరా ఆగి వెనక్కి తిరగాలి. ఆ భారమంతా మోసేది కనెక్టింగ్ రాడ్డు. ఆర్‌పీఎం పది శాతం పెరిగితే ఆ భారం 21 శాతం పెరుగుతుంది. వాల్వు స్ప్రింగుల పరిస్థితీ అంతే. క్యామ్ తిరిగే వేగాన్ని స్ప్రింగు అందుకోలేకపోతే వాల్వు సమయానికి మూసుకోదు, పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. అక్కడితో ఇంజిన్ ఖతం. పరుగులో ఉన్న బండికి ఇంజిన్ పట్టేసి వెనుక చక్రం బిగుసుకుపోతే నడిపేవాడి గతేమిటో చెప్పనక్కర్లేదు.

అంకెల మోజు కంపెనీలనూ వదల్లేదు. ఇదే ఆర్6 ఇంజిన్ గరిష్ఠ వేగం (రెడ్‌లైన్) 17,500 ఆర్‌పీఎం అని 2006లో యమహా ప్రచారం చేసింది. అసలు వేగం అంతకన్నా వెయ్యికి పైగా తక్కువని తేలాక, కావాలంటే బండ్లు వెనక్కి తీసుకుంటామని అమెరికాలో ప్రకటించాల్సి వచ్చింది.

ప్రపంచ స్థాయి రేసర్లకూ ఈ హద్దు తప్పదు. 2019 వరల్డ్ సూపర్‌బైక్ పోటీల్లో అల్వారో బౌటిస్టా డుకాటి పానిగాలే వీ4 ఆర్‌పై తొలి 11 రేసులూ గెలిచాడు. నిర్వాహకులు సీజన్ మధ్యలోనే ఆ బండి గరిష్ఠ పరిమితిని 250 ఆర్‌పీఎం తగ్గించారు. డుకాటి ఆ మాటకు కట్టుబడింది. విజేతలు పాటించే హద్దు మన వీధుల్లో ఎవరికి అడ్డమొచ్చింది?

ఇక చప్పుడు. బండిని న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, లిమిటర్‌కు కొట్టిస్తూ పటపటమనిపించడం రాత్రి రోడ్ల మీద వేడుకైపోయింది. స్పార్కు ఆగి పెట్రోలు ఆగకపోతే, మండకుండా మిగిలింది వేడి సైలెన్సర్‌లో అంటుకుంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. నిద్రపోతున్న పసిపిల్లలు, రోగులు ఉలిక్కిపడి లేస్తారు.

హైదరాబాద్, విశాఖ పోలీసులు మార్పులు చేసిన సైలెన్సర్లను రోడ్‌రోలర్‌తో తొక్కించడం మంచి పనే, కానీ చాలదు. సైలెన్సర్ కంటికి కనిపిస్తుంది, మ్యాప్ కనిపించదు. సొంత బండికి పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. కాలుష్య తనిఖీలో ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచే పొగ కొలుస్తారు, 14,000 ఆర్‌పీఎం వద్ద ఏం జరుగుతుందో దానికి తెలియదు. మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తయారీదారులనూ డీలర్లనూ ఆ సెక్షన్ పేర్కొంది. మ్యాప్ ఎక్కించిన ట్యూనింగ్ షాపును మాత్రం విడిగా పేర్కొనలేదు. ఈ కంత పూడ్చాలి. ఈసీయూ మార్చే షాపులకు లైసెన్సు తప్పనిసరి చేయాలి. ఏ బండికి ఏ మ్యాప్ వేశారో రికార్డు ఉండాలి. రోడ్డు రిజిస్ట్రేషన్ ఉన్న బండి లిమిటర్‌ను కదిపితే షాపు మూయించాలి.

ట్యూనింగ్ గొప్ప విద్యే, దాని చోటు ట్రాక్. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. సరదా ఉన్నవాళ్లు అక్కడికి వెళ్లాలి. ఇప్పటికే లాక్ తీయించినవాళ్లు ఈ వారమే సర్వీస్ సెంటర్‌కు వెళ్లి కంపెనీ మ్యాప్‌ను తిరిగి వేయించుకోవాలి.