వదంతియు, వాటాయు

ఇంటి ఖర్చులలో మిగిల్చిన సొమ్ముతో కంపెనీ వాటాలు కొను స్త్రీలు నేడు మా గజపతినగరము వంటి యూళ్లలోను గలరు. అది నింద్యము కాదు. కాని వదంతిని నమ్మి కొనుట విచారింపదగిన విషయము.

హైదరాబాదులోని మిశ్రధాతు నిగమమును, అనగా మిధానిని, ఉదాహరణముగా గైకొందము. 1973లో కేంద్రప్రభుత్వము స్థాపించిన యీ సంస్థ అంతరిక్షమునకును, దేశరక్షణకును వలయు టైటానియము మొదలగు విశిష్టలోహములను సిద్ధపఱచును. 2018 మార్చిలో ప్రభుత్వము నూటికి 26 పాళ్లు వాటాలను జనులకు విక్రయింప బూనెను. ఒక్కొక్క వాటా వెల 87 మొదలు 90 రూపాయలు. ఇట్టి సంస్థ యెవరితో పొత్తు కుదుర్చుకొనునో యని వాటాదారులు ఊహించుట సహజమే. 2019లో మిధాని, నాల్కో కలిసి నెల్లూరు జిల్లాలో అల్యూమినియపు మిశ్రలోహముల కర్మాగారమునకై యొక ఉమ్మడి సంస్థను నెలకొల్పినవి. ఈ పొత్తు నిజమే. ఐనను సంస్థ నమోదగుట వేఱు, కొలిమి రగులుట వేఱు, లాభము చేతికందుట వేఱు. నిశ్చయ తాంబూలముల నాడే బారసాలకు పిండివంటలు చేయుదుమా?

2015 నాటి సెబీ నియమముల ననుసరించి ముఖ్యమైన యొడంబడికలను కంపెనీలు స్టాకు ఎక్స్‌ఛేంజికి తెలుపవలెను. ఆ ప్రకటనలను ఎవరైనను చూడవచ్చును. కావున పొత్తు వార్త చెవిని బడినపుడు మూడు ప్రశ్నలు వేయుడు: ప్రకటన వెలువడినదా? అది వట్టి అవగాహన పత్రమా, సొమ్ము నిర్ణయించిన ఆర్డరా? సరకు ఎన్నటికి అందవలెను? వీనికి సమాధానము దొరకనంతవఱకు బిడ్డల చదువునకై దాచిన ధనమును కదల్పకుడు.