మన పిల్లలకు మే నెల సోలాపూర్ ఒక్కటే తెలుసు

ఈసారి రాత కొంచెం పొడుగైంది. చాయ్ పక్కన పెట్టుకొని తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కాని చివరిదాకా చదివి తిట్టండి.

డిసెంబరు దగ్గర పడితే చాలు, మన సంఘం గ్రూపులో ఒకటే ముచ్చట. ఈసారి ఎటు పోదాం? ఒకరు గోవా అంటారు, ఒకరు కేరళ అంటారు. పుణెలో ఉద్యోగాలు చేసే పిల్లలు థాయ్‌లాండ్ టికెట్ల రేట్లు పెడతారు. ఎవరినీ పోవద్దని చెప్పడానికి ఈ రాత రాయడం లేదు. నల్గొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు వైపు నుంచి బతకడానికి ఇక్కడికి వచ్చిన మన తాతలకు సెలవు అంటేనే తెలియదు. వాళ్ళ మనవలు విమానం ఎక్కి సముద్రం చూసి వస్తే మాకూ సంతోషమే. మా మాట వేరే.

చలిదేశాల వాళ్ళు డిసెంబరులో మంచు పడలేక ఎండ వెతుక్కుంటూ మన దేశానికి వస్తారు. వాళ్ళ లెక్క వాళ్ళకు సరే. మరి మన లెక్క ఏమిటి? సోలాపూర్‌లో ఎండకు కరువు లేదు. మే నెలలో 42, 43 డిగ్రీలు మనకు మామూలు. హాయిగా ఉండేది ఏడాదిలో రెండు మూడు నెలలే. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి 15 డిగ్రీల చుట్టూ దిగుతుంది, పొద్దున ఎండ వెచ్చగా వీపుకు తగులుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మనం ఇంటికి తాళం వేసి ఇంకో ఊరికి పోతాం.

పుణె, ముంబై, హైదరాబాద్‌లో ఉండే మన పిల్లలు మనవలను తీసుకొని ఎప్పుడు వస్తారు? బడికి సెలవులని మే నెలలో వస్తారు. రేకుల ఇంట్లో ఫ్యాను వేడిగాలి కొడుతుంటే, నల్లా నాలుగైదు రోజులకోసారి వస్తుంటే, ఆ పసివాళ్ళు వారం రోజులు చెమటకాయలతో అల్లాడి తిరిగి పోతారు. పోతూ పోతూ ‘సోలాపూర్ బోర్’ అంటారు. వాళ్ళ తప్పేం లేదు. ఈ ఊరి ముఖం వాళ్ళు ఒక్క నెలలోనే చూశారు. ఆ ఒక్క నెలా ఊరు జ్వరంతో ఉన్న నెల.

పోయిన చలికాలం మేమూ ఒక ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలో సముద్రం దగ్గరికి పోయాం. చెప్పిన హోటల్ ఒకటి, ఇచ్చిన హోటల్ ఒకటి. అది పోనివ్వండి, యాత్రలో ఇవన్నీ ఉండేవే. మాకు గుర్తుండిపోయింది వేరే. సాయంత్రం బీచ్ పక్కన బండి మీద చద్దర్లు అమ్ముతున్నారు. ‘ఒరిజినల్ సోలాపురీ’ అని అట్ట మీద రాసి ఉంది. మా మనవడు ఎంత సంబరపడ్డాడో! “మన ఊరి చద్దర్ ఇక్కడ కూడా ఉంది” అని ఒకటి కొనిపించాడు. మా పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. అంచు తిరగేసి చూశారు, బొటనవేలితో నూలు రుద్దారు. “ఇది మనది కాదు బిడ్డా” అన్నారు. పానిపట్ వైపు నేసి మన పేరు మీద అమ్మే సరుకు. పైన మెరుపు ఉంది, పట్టుకుంటే నూలు బరువు లేదు. అసలైన జకార్డ్ చద్దర్‌లో పైన కనిపించే పువ్వు వెనక వైపు రంగులు మార్చుకొని కనిపిస్తుంది. ఇందులో ఆ లక్షణం లేదు.

పిల్లవాడు అడిగాడు, “మరి మనది ఎట్లుంటది?”

ఆ ప్రశ్నకు అక్కడున్న మాలో ఒక్కరం కూడా జవాబు చెప్పలేదు. మా ఇంటి సాంచాలు అమ్మేసి చాలా ఏళ్ళైంది. పాత ఇనుము రేటుకు పోయాయి. సోలాపూర్ చద్దర్‌కు, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. కాగితం మీద మన పేరు భద్రంగా ఉంది. మన ఇంట్లో మాత్రం పన్నెండేళ్ళ పిల్లవాడికి ఆ చద్దర్ చూపించేవాళ్ళు లేరు. వాడు పారాగ్లైడింగ్ చూశాడు, జెట్ స్కీ చూశాడు. వాళ్ళ ముత్తాత ఏ పని చేసి ఇల్లు కట్టాడో చూడలేదు.

అప్పటినుంచి మేము అనుకుంటున్నది ఇదే. మన పిల్లలు ఊరికి వచ్చే నెల మారాలి. మే కాదు, చలికాలం రావాలి. క్రిస్మస్ సెలవుల్లో నాలుగు రోజులైనా సరే, సంక్రాంతికి ముందూ వెనకా మూడు రోజులైనా సరే. ‘వచ్చి ఏం చేస్తాం’ అంటారు కదా, చెబుతాం వినండి.

డిసెంబరు చివర్లో వస్తే హుర్డా. పాలు పోసుకున్న జొన్న కంకులను పిడకల నిప్పు మీద కాల్చి, చేతుల్లో వేడివేడిగా నలిపి, వేరుశెనగ చట్నీతో, బెల్లంతో, పెరుగుతో తినడం. పాలమూరు వైపు మనవాళ్ళు ఊసబియ్యం అనేది ఇదే. రబీ జొన్న పండే మన జిల్లాలో ఇది చలికాలం తప్ప ఇంకెప్పుడూ దొరకదు. పుణె నుంచి జనం డబ్బులు కట్టి మరీ వచ్చి పొలాల్లో కూర్చుని తింటున్నారు. మన పిల్లలకు మాత్రం దీని పేరు చెబితే బిస్కెట్టా అంటారు.

పొద్దున్నే లేచే ఓపిక ఉంటే హిప్పర్గా చెరువుకు పోండి. చలికాలం ఉత్తరం నుంచి వచ్చిన పక్షులు దిగుతాయి. కారు ఉంటే ఉజని నీటి వెనక భాగాన ఉన్న భిగ్వణ్ దాకా పోవచ్చు, అక్కడ రాజహంసల గుంపులు కనిపిస్తాయి. మన నల్లాలో వచ్చే నీళ్ళూ ఆ ఉజనివే. నన్నజ్ గడ్డి మైదానంలో కృష్ణజింకలు ఉన్నాయి. బట్టమేక పిట్ట కోసం 1979లో పెట్టిన అభయారణ్యం అది. ఆ పిట్ట ఇప్పుడు కనబడటం గగనం. అదీ పిల్లలకు చెప్పాలి. ఉన్నది చూపించేటప్పుడు పోయినదాని పేరు కూడా చెబితేనే ఉన్నదాని విలువ తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి కారులో వచ్చేవాళ్ళకు నల్‌దుర్గ్ దారిలోనే తగులుతుంది. బోరి నది మీద ఆనకట్ట కట్టి, ఆ ఆనకట్ట కడుపులోనే రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో 1613లో పానీ మహల్ కట్టారు. వానాకాలం నీళ్ళ జోరు చలికాలం ఉండదు, కాని ముసలివాళ్ళు కూడా ఎండదెబ్బ భయం లేకుండా కోట అంతా నడవగలిగేది ఇప్పుడే. తుల్జాపూర్, అక్కల్‌కోట్, పంఢర్‌పూర్ ఎలాగూ ఉన్నాయి. పొద్దున పోయి రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు.

ఇక జనవరి. 12వ తేదీ మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ షిండే, శ్రీకిషన్ సార్డా, కుర్బాన్ హుసేన్ నలుగురినీ 1931లో ఎరవాడ జైలులో ఉరి తీసిన రోజు. 1930 మేలో ఈ ఊరు తెల్లవాళ్ళకు ఎదురు తిరిగితే మార్షల్ లా పెట్టి ఊరినే శిక్షించారు. చార్ పుతళా దగ్గర బస్సు దిగే పిల్లల్లో ఆ నలుగురు ఎవరని అడిగితే ఎందరు చెప్పగలరు? చైనాలో యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు వైద్యం చేస్తూ 1942 డిసెంబరులో చనిపోయిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ కూడా ఇక్కడ పుట్టినవారే. ఆయన పుట్టిన ఇల్లు స్మారకంగా ఉంది. చైనా నుంచి అతిథులు వచ్చి చూసి పోతారు. మనం దాని ముందు నుంచి రిక్షాలో పోతుంటాం.

సంక్రాంతికి సిద్ధేశ్వర్ యాత్ర. ఏడు నందిధ్వజాలు, తెల్లబట్టలు కట్టుకున్న జనం, 68 లింగాలకు తైలాభిషేకం, మర్నాడు సమ్మతి కట్ట దగ్గర అక్షతలు, ఆ తర్వాత హోమం, బాణసంచా. సమ్మతి చదివేది కన్నడంలో, చుట్టూ మాట్లాడేది మరాఠీలో, మనం పిల్లలకు ‘అక్షింతలు ఇప్పుడు వేయి’ అని చెప్పేది తెలుగులో. రాత్రికి గడ్డా యాత్రలో జెయింట్ వీల్. ఇంటికొస్తే ఒకే పళ్ళెంలో సకినాలూ తిల్‌గుళ్ళూ. మూడు భాషల ఊళ్ళో బతకడం అంటే ఏమిటో ఏ పుస్తకమూ ఇంత తేలిగ్గా నేర్పదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం. పిల్లలకు సాంచా చూపించాలి. అంతేకాదు, యాత్రలకు వచ్చి మన ఊరి మీదుగా పోయే బయటివాళ్ళు కూడా పేటల్లోకి వచ్చి నేత చూసి, నేసినచోటే చద్దర్ కొంటే బాగుంటుందని గ్రూపులో కొందరు తమ్ముళ్ళు అన్నారు. మంచి ఆలోచన. కాని ఒక అక్క పెట్టిన మెసేజ్ మమ్మల్ని ఆపింది. “మేము చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతుంటే ఫొటోలు తీస్తారు, అయ్యో పాపం అంటారు, పోతారు. మేము జూలో ఉన్నమా?” అని అడిగింది. ఆమె మాట నూటికి నూరు పాళ్ళు నిజం.

అందుకే కొన్ని కట్టుబాట్లు ఉండాలంటున్నాం. మొదటిది, నేతగాడికి జీతం లేదు, పీసు రేటు. సాంచా ఆపి పడుగు ఏది, పేక ఏది అని వివరిస్తే ఆ సేపు కూలి పోయినట్టే. చూడవచ్చినవాళ్ళు ఆ గంట కూలి ఇవ్వాలి. అది దానం కాదు, గురువు ఫీజు. రెండోది, ఇళ్ళల్లోకి అడగకుండా పోవద్దు, ఆడవాళ్ళ ఫొటోలు తీయవద్దు. మూడోది, రెండు దారులు లేని కార్ఖానాలోకి ఎవరినీ పిలవవద్దు. 2025 మే నెలలో అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో టవల్ కార్ఖానా కాలిపోయి ఎనిమిది మంది చనిపోయారు. అది మనం మరిచిపోయే సంగతి కాదు. చుట్టం గంటసేపు నిలబడటానికి భయపడే చోట మనవాళ్ళు రోజూ పన్నెండు గంటలు నిలబడుతున్నారంటే, చుట్టం రాక వల్ల ముందు ఆ రెండో తలుపు వచ్చినా అదే పెద్ద లాభం.

కొందరు అంటారు, ఊళ్ళో ఏముంది, దుమ్ము, నీళ్ళకు కటకట అని. అబద్ధం చెప్పం. ఉన్నాయి. నలుగురు చుట్టాలు వస్తే డ్రమ్ములు లెక్క పెట్టుకోవాల్సిందే. కాని మే నెలతో పోలిస్తే జనవరిలో ఒకరికి పట్టే నీళ్ళు తక్కువ. స్నానానికి వేడినీళ్ళు రెండు చెంబులు చాలు అనే కాలం కదా! ఇంకొందరు అంటారు, ఇదంతా పాతదాన్ని పట్టుకొని ఏడవడం అని. కాదు. సాంచా నడపమని ఏ పిల్లవాడికీ మేము చెప్పడం లేదు. ఆ పనిలో చెవులు పోయినవాళ్ళు, ఊపిరితిత్తుల్లో దూది నిండినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. పని వదలడం వేరు, పని తెలియకపోవడం వేరు. వదిలినవాడికి అసలు చద్దర్ ఏదో, నకిలీ ఏదో తెలుసు. తెలియనివాడు నకిలీకి డబ్బులు ఇచ్చి మన పేరు చూసి సంబరపడతాడు. మార్కెట్‌లో మనల్ని ముంచుతున్నది పానిపట్ ఒక్కటే కాదు, మన పిల్లల తెలియనితనం కూడా.

కాబట్టి సంఘం పెద్దలకు మా మనవి. ఈ ఏడు కూడా యాత్ర బస్సు వేయండి, కాదనం. దానితోపాటు మూడు పనులు చేయండి. ఒకటి, బయట ఊళ్ళల్లో ఉన్న పిల్లలకు జనవరి 12 నుంచి 16 దాకా రమ్మని ఇప్పుడే కబురు పెట్టండి. ముంబై, పుణె నుంచి 2023 ఫిబ్రవరి నుంచి వందేభారత్ నడుస్తోంది, దారి కష్టమేమీ లేదు. రెండు, చిన్న ఇళ్ళవాళ్ళు చుట్టాలను ఎక్కడ పడుకోబెట్టాలని దిగులు పడకుండా, గది ఖాళీ ఉన్న ఇళ్ళ జాబితా రాయండి. మూడు, పని మానని ఒక్క సాంచా దగ్గర, ఒక్క పూట, పెద్దవాళ్ళు ఇద్దరు కూర్చుని పిల్లలకు చెప్పే ఏర్పాటు చేయండి. కండె ఎట్లా చుట్టాలో, జకార్డ్ అట్టలో రంధ్రం పడితే పువ్వులో దారం ఎట్లా లేస్తుందో చూపించండి. ఆ అట్టలు చూస్తే కంప్యూటర్ చదివిన మన పిల్లలకు మనకంటే తొందరగా అర్థమవుతుంది.

మా మనవడు ఈసారి వస్తానన్నాడు. పెద్దాయన ఇప్పటినుంచే పాత పెట్టె తీసి చూస్తున్నారు. ఆయన చివరిసారి నేసిన చద్దర్ ఒకటి అందులో ఉంది. దాని పక్కన సముద్రం దగ్గర కొన్నది పెట్టి, “నువ్వే చెప్పు, ఏది మనది?” అని అడుగుతారట. జవాబు కళ్ళతో కాదు, చేత్తో చెప్పాలట.

మీ ఇంట్లో ఎవరెవరు వస్తున్నారో కింద రాయండి. రెండు రోజుల ముందు చెబితే కుదరదు. నీళ్ళు పట్టి పెట్టుకోవాలి.