వంటింట్లోకి నల్లా వచ్చింది, కరెంటు వచ్చింది - రక్షణ ఏది?

కోహెడ : పల్లె ఇంట్లో ఒకప్పుడు నీళ్ళకు ఒక చోటు, కరెంటుకు మరొక చోటు ఉండేవి. గిన్నెలు పెరట్లో జాలారి దగ్గర తోమేవారు. కరెంటు ముందరింట్లో ఒక బల్బుకు, ఒక ఫ్యానుకు పరిమితమై ఉండేది. ఇప్పుడా దూరం చెరిగిపోయింది. నల్లా వంటింటి గట్టు దాకా వచ్చింది. ఆ గట్టు మీదనే మిక్సీ, అన్నం కుక్కరు, కరెంటు పొయ్యి చేరాయి. తడి చేతికీ ప్లగ్గుకూ మధ్య జానెడు దూరం మిగిలింది. ఆ జానెడు దూరంలో ఉండవలసిన రక్షణ మాత్రం శనిగరం, సముద్రాల వంటి ఊళ్ళలోనే కాదు, మండల కేంద్రంలో సైతం చాలా ఇళ్ళకు ఇంకా చేరలేదు.

ఇంటింటికీ నల్లా నీరిచ్చే మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న మొదలైంది మన పొరుగున ఉన్న గజ్వేల్ కోమటిబండ దగ్గరే. 2024లో వచ్చిన గృహజ్యోతితో నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకు కరెంటు బిల్లు భారం తప్పింది. రెండూ ప్రజలకు మేలు చేసేవే. అయితే నీళ్ళు, కరెంటు ఒకే గదిలో కలిసినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త గురించి చెప్పినవారు తక్కువ.

ఫీజు మనిషిని కాపాడదు

"ఫీజు ఉంది కదా, షాకు కొడితే అదే కొట్టేస్తుంది" అన్న ధీమా పల్లెల్లో బలంగా ఉన్నది. ఇది పొరపాటు. ఫీజు వైరు గానీ, దాని స్థానంలో వచ్చిన ఎంసీబీ గానీ ఉన్నది వైరు కాలిపోకుండా కాపాడటానికి. మనిషి కోసం కాదు.

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. ఆంపియరులో వెయ్యో వంతు మిల్లీ ఆంపియరు. నూరు వాట్ల బల్బు వెలగడానికి సుమారు 430 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. అందులో నాలుగో వంతు మనిషి గుండె మీదుగా పోయినా ప్రాణం పోవచ్చు. పదిహేను మిల్లీ ఆంపియర్లకే చేయి బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలలేని స్థితి రావచ్చు. 6 ఆంపియర్ల ఫీజు తెగాలంటే ఆరు వేల మిల్లీ ఆంపియర్లు దాటాలి. అంటే మనిషి పడిపోయినా ఫీజు చెక్కుచెదరదు. పైగా తడి చేయి, తడి నేల, చెప్పులు లేని కాళ్ళు కరెంటుకు దారిని సులువు చేస్తాయి. వంటింట్లో ఈ మూడూ ఎదురయ్యేది ఎక్కువగా ఇల్లాలికే.

మనిషిని కాపాడే పరికరం వేరే ఉన్నది. దానిని ఆర్‌సీసీబీ అంటారు. పాత వైర్‌మన్లు ఈఎల్‌సీబీ అంటారు. ఫేజు తీగలో పోయిన కరెంటు అంతా న్యూట్రల్ తీగలో తిరిగి వస్తున్నదా లేదా అని అది అనుక్షణం సరిచూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టినా, అది మనిషి ఒంట్లో నుంచి పోయినా సరే, రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది.

చిన్న ఇంటికి మినహాయింపు

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లో ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లకు మించకుండా పనిచేసే ఈ పరికరం ఉండాలన్నారు. కాని 5 కిలోవాట్ల లోపు లోడు ఉన్న ఇళ్ళకు మినహాయింపు ఇచ్చారు. పాత నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చినా, చిన్న లోడు ఇళ్ళు తప్పనిసరి జాబితాలోకి రాలేదు. పల్లెల్లో చాలా ఇళ్ళ లోడు చిన్నదే. అంటే మేడలో ఉన్నవారికి తప్పనిసరి అయిన రక్షణ, రెండు గదుల ఇంట్లో ఉన్నవారి ఇష్టానికి వదిలిన వ్యవహారంగా మిగిలింది. తడి చేతికి పెద్ద ఇల్లు, చిన్న ఇల్లు అనే తేడా లేదు.

మీటరు దాటిన తర్వాత ఇంట్లో వైరింగు బాధ్యత ఇంటివారిదే. కాబట్టి ఎవరో వచ్చి సరిచేస్తారని ఎదురు చూసి లాభం లేదు.

అమెరికాలో ఏం చేశారు?

తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికాలో ఇళ్ళ వంటగదుల్లో ప్లగ్గు మధ్యన రెండు చిన్న బొత్తాలు కనిపిస్తాయి. అది ఇటువంటి రక్షణ పరికరమే. అక్కడి విద్యుత్ నియమావళి 1987లోనే సింకుకు ఆరడుగుల లోపు గట్టు మీది ప్లగ్గులకు దీనిని తప్పనిసరి చేసింది. తర్వాత ఆ పరిధిని పెంచుతూ వచ్చింది.

అక్కడి మరొక నియమం గమనించదగ్గది. గట్టు వెంబడి గోడ మీద ఏ చోటు నుంచి చూసినా రెండడుగుల లోపు ఒక ప్లగ్గు ఉండాలి. నీళ్ళ దగ్గర ప్లగ్గులు తగ్గించాలి గాని పెంచడమేమిటని అనిపించవచ్చు. కారణం ఉన్నది. ప్లగ్గు దూరమైతే వైరు సింకు మీదుగా లాగుతారు, లేదా ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి తడి గట్టు మీద పెడతారు. మన ఇళ్ళలో జరుగుతున్నది అదే. ఇల్లంతటికీ ఒకటే ప్లగ్గు, దాని నుంచి వంటింట్లోకి అతుకుల వైరు. ప్లగ్గు టాపు లేకపోతే వైరు కొనలు సాకెట్టులో దోపి అగ్గిపుల్లలు బిగించడం.

ఇంటివారు చేయవలసినవి

గట్టు దగ్గర ఎర్తు ఉన్న మూడు పిన్నుల సాకెట్లు రెండైనా, నీళ్ళు చిందని ఎత్తులో, నల్లాకు వీలైనంత దూరంగా పెట్టించాలి. స్విచ్చి ఫేజు తీగ మీదనే ఉండాలి. న్యూట్రల్ మీద ఉంటే స్విచ్చి ఆపినా సాకెట్టులో కరెంటు ఉంటుంది. ఎర్తు తీగను నల్లా పైపుకు చుట్టరాదు. ప్లాస్టిక్ పైపు కరెంటును భూమిలోకి పంపదు. ఇనుప పైపైతే నల్లా ముట్టిన వారికే షాకు తగలవచ్చు. ఎర్తు గుంతను విడిగా తవ్వించి, వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండాలి.

మీటరు తర్వాత ఐఎస్ఐ గుర్తు గల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించుకోవాలి. దాని ఖరీదు సాధారణంగా ఒక మిక్సీ ధరకు మించదు. దాని మీది టెస్టు బొత్తాన్ని నెలకొకసారి నొక్కి చూడాలి. కరెంటు పోకపోతే పరికరం పాడైనట్టు లెక్క. ఇది ఉన్నదని ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే మాత్రం కాపాడలేదు. ఊరికే మాటిమాటికీ పడిపోతున్నదని దానిని తప్పించి కరెంటు కలపమనడం కూడా తప్పే. అది పడిపోతున్నదంటే ఎక్కడో లీకు ఉన్నదని అర్థం.

ఇప్పుడే అదను

2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద పేదలకు 5 లక్షల రూపాయలు విడతలవారీగా అందుతున్నాయి. స్లాబు పోసేటప్పుడు, గోడలకు పూత పూయకముందు పైపులు వేయించుకుంటే ఖర్చు తక్కువ. ఇల్లు పూర్తయ్యాక గోడ పగలగొట్టి సరిచేసుకోవడం కష్టం. కట్టే ఇంటి అంచనాలోనే ఎర్తుతో పాటు ఈ చిన్న పెట్టెను కూడా చేర్చే ఆలోచన అధికారులు చేస్తే, చట్టం విడిచిపెట్టిన చిన్న ఇంటికి ఆ లోటు తీరుతుంది. అంతదాకా గృహస్థులే మేస్త్రీని, వైర్‌మన్‌ను అడిగి చేయించుకోవడం మేలు. గుమ్మానికి రంగు వచ్చే ఏడు వేసుకోవచ్చు. ఎర్తు తీగను మాత్రం వచ్చే ఏటికి వాయిదా వేయరాదు.