స్ట్రీక్ తెగిన మర్నాడు మీ వాచ్ ఏం చేస్తుంది?

స్మార్ట్‌వాచ్ రివ్యూ ఏది చదివినా అదే వరస. అమోలెడ్ డిస్‌ప్లే, ఎన్ని నిట్స్ బ్రైట్‌నెస్, వందకు పైగా స్పోర్ట్స్ మోడ్స్, బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుంది. కొనేవాళ్లలో చాలామంది మనసులో ఉండేది మాత్రం వేరే. పొద్దున్నే లేచి నడవాలి, బయటి తిండి తగ్గించాలి, ఈసారైనా మధ్యలో మానేయకూడదు. ఆ పనికి వాచ్ పనికొస్తుందో లేదో తేల్చడానికి నా దృష్టిలో ఒకటే పరీక్ష ఉంది. మీరు ఒక రోజు ఎగ్గొట్టారు. మర్నాడు పొద్దున అది మీకు ఏం చూపిస్తుంది?

ఎందుకింతలా అడుగుతున్నానంటే, మా తమ్ముడి సంగతి చెప్పాలి. బీటెక్ మూడో ఏడు, హాస్టల్లో ఉంటాడు. వరసగా 112 రోజులు రోజుకి 10,000 అడుగులు కొట్టాడు. మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు కూడా. తర్వాత వైరల్ ఫీవర్ వచ్చింది. ఒళ్లు కాలిపోతుంటే రాత్రి పదకొండున్నరకి హాస్టల్ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడట, ఇంకా 2,300 అడుగులు బాకీ ఉన్నాయని! రూమ్మేట్ తిట్టి పడుకోబెట్టాడు. పన్నెండు దాటాక యాప్‌లో స్ట్రీక్ సున్నా. జ్వరం తగ్గింది కానీ నడక మళ్లీ మొదలవలేదు. అడిగితే “మళ్లీ ఒకటి నుంచా అన్నా?” అన్నాడు.

ఆ 112 రోజులూ వాడి ఒంటికి జరిగిన మేలు ఒక్క రాత్రిలో ఎక్కడికీ పోదు. పోయింది స్క్రీన్ మీద అంకె ఒక్కటే. కానీ యాప్ అన్నాళ్లూ ఆ అంకెనే పెద్దగా చూపించింది, దానికే బాణసంచా పేల్చింది, బ్యాడ్జ్ ఇచ్చింది. అది పోగానే వాడికి అంతా పోయినట్టే అనిపించింది. దీన్ని కుర్రాళ్ల బద్ధకం అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఆ డిజైనే అలా ఉంది.

అసలు ఆ 10,000 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఏ డాక్టరూ లెక్క కట్టి చెప్పింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో వ్యాయామం మీద జనానికి ఆసక్తి పెరిగింది. 1965లో యమాసా అనే కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటర్ ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు మన్‌పో-కెయ్, అంటే ‘పదివేల అడుగుల మీటర్’. బ్రాండ్ పేరులోని అంకె అరవై ఏళ్ల తర్వాత మన వాచీల్లో డిఫాల్ట్ టార్గెట్‌గా కూర్చుంది. 2019లో అమెరికాలో 16,000 మందికి పైగా పెద్ద వయసు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. అడుగులు పెరిగేకొద్దీ లాభం పెరిగింది, కానీ 7,500 దగ్గర ఆగిపోయింది. వాళ్ల సగటు వయసు 72, కాబట్టి ఆ అంకెల్ని ఇరవై ఏళ్లవాళ్లు యథాతథంగా తీసుకోకూడదు. అయినా ఒకటి ఆలోచించండి. 4,400 దగ్గర ఆగిన రోజు రింగ్ సగం కూడా నిండదు, వాచ్ లెక్కలో మీరు ఫెయిల్.

2016లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీవాళ్లు ప్రచురించిన ట్రయల్ ఇంకా ఆసక్తికరం. 18 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లు 471 మంది, రెండేళ్ల పాటు. అందరికీ తిండి, వ్యాయామం గురించి సలహాలు ఇచ్చారు. ఆరు నెలలయ్యాక ఒక గ్రూపుకి ట్రాకర్ కట్టారు, ఇంకో గ్రూపుని తమ లెక్క తామే రాసుకోమన్నారు. చివరికి ట్రాకర్ కట్టుకున్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గారు. కట్టుకోనివాళ్లు 5.9 కిలోలు! అప్పటిది భుజం కింద కట్టుకునే పాత రకం బ్యాండ్, ఇప్పటి వాచీలతో పోల్చలేం. కాబట్టి మీ వాచ్ తీసి ఓఎల్‌ఎక్స్‌లో పెట్టేయమని నేను అనను. పరికరం కొంటే పట్టుదల దానంతట అదే రాదని చెప్పడానికి మాత్రం ఇది చాలు.

మరి అలవాటు ఎలా పడుతుంది? లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించారు. 2010లో ప్రింటయింది ఆ పేపర్. ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకుని రోజూ ఒకే సందర్భానికి దాన్ని ముడిపెట్టుకున్నారు, టిఫిన్ తర్వాత నడక లాగా. అది ఆలోచించకుండా జరిగిపోయే స్థాయికి రావడానికి పట్టిన కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. సగటున 66. అంటే ఇన్‌స్టాలో తిరిగే ‘21 రోజుల ఛాలెంజ్’లో చేరి, 22వ రోజు కూడా బద్ధకంగానే ఉందని బాధపడేవాళ్లలో లోపమేమీ లేదు. అదే పేపర్‌లో ఇంకో మాట ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్ట్రీక్ కౌంటర్ చెప్పేది సరిగ్గా దీనికి ఉల్టా.

అందుకే నా సలహా, వాచ్‌ని రోజు లెక్క నుంచి వారం లెక్కకి మార్చండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్లకి చెప్పేది వారం లెక్కే: కనీసం 150 నిమిషాలు, ఒక మోస్తరు వేగంతో. అమేజ్‌ఫిట్ వాచీల్లో ఉండే పాయ్ స్కోర్ గత ఏడు రోజుల్ని కలిపి చూస్తుంది. గురువారం ఇంటర్నల్ ఎగ్జామ్ ఉండి కదలకపోయినా ఆదివారం క్రికెట్ ఆడితే సర్దుకుంటుంది. యాపిల్ అయితే 2024లో వాచ్ ఓఎస్ 11తో రింగ్స్‌ని పాజ్ చేసే ఆప్షన్, వారంలో ఒక్కో రోజుకి ఒక్కో టార్గెట్ పెట్టుకునే ఆప్షన్ ఇచ్చింది. ఎప్పుడో రావాల్సింది. ఇవేవీ లేని వాచ్ అయితే గత రెండు వారాల సగటు చూసి, దానికి ఒక వెయ్యి కలిపి టార్గెట్ పెట్టుకోండి. సగటు 3,800 ఉంటే 4,800. సిగ్గుపడాల్సిన పనేం లేదు. (బండి మీద గతుకుల రోడ్డెక్కితే అడుగులు కలిపేసే బ్యాండ్లున్నాయి, ఆ లెక్క తీసేసి చూసుకోండి.)

తిండి దగ్గర మాత్రం వాచ్‌ని అస్సలు నమ్మొద్దు. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో ఏడు పరికరాల్ని పరీక్షిస్తే ఆరింటిలో గుండె వేగం 5 శాతం లోపు తేడాతోనే వచ్చింది. కరిగిన కేలరీల లెక్కలో మాత్రం అన్నిటికన్నా మెరుగైనదే 27 శాతం తప్పింది. ‘300 కరిగాయి, మిర్చిబజ్జీ లాగించొచ్చు’ అనే బేరం అక్కడే తేలిపోతుంది. యాప్‌లో ఎంటర్ చేసే లెక్కా అంతే. ‘పప్పు ఒక కప్పు’ అని కొడతాం, అమ్మ తాలింపులో ఎంత నూనె పోసిందో యాప్‌కేం తెలుసు? ఒక టేబుల్ స్పూన్ నూనె అంటేనే దాదాపు 120 కేలరీలు. ప్రతి ముద్దా లెక్క రాయాల్సి వస్తే పది రోజుల్లో విసుగు పుడుతుంది, దాంతో పాటు తిండి మీద శ్రద్ధ కూడా పోతుంది.

నేను చెప్పేది సులువు. తినే ముందు ప్లేటుని ఒక్క ఫొటో తీయండి, అన్నీ ఒకే ఆల్బమ్‌లో పడేయండి. తూకాల్లేవు, ఎంట్రీల్లేవు. ఆదివారం ఒకసారి స్క్రోల్ చేయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ప్లేటులో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంది. మీ ఫొటోల్లో తెల్లగా ఎంత కనిపిస్తోందో మీకే తెలిసిపోతుంది. హాస్టల్ మెస్‌లో మెనూ మన చేతుల్లో ఉండదు, నిజమే. అన్నం ఒకసారి, కూర రెండోసారి పెట్టించుకోవడం మన చేతుల్లోనే ఉంటుంది, మెస్ అన్న మూడ్ బాగుంటే.

స్ట్రీక్ అంటే ఊపొచ్చేవాళ్లూ ఉన్నారు, నాకు తెలుసు. రెండేళ్లుగా తెగకుండా లాగుతున్నవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, కానివ్వండి. మిగతావాళ్లు కొత్త వాచ్ కొనేముందు షాపులో డెమో పీస్‌తో వాచ్ ఫేస్‌లు మార్చుకుంటూ కూర్చోకుండా, దాని యాప్ తెరిపించి మూడు చూడండి. వారం టార్గెట్ ఉందా, రోజు టార్గెట్‌ని 4,000కి దించనిస్తుందా, రాత్రి పదికి ‘ఇంకా ఇన్ని అడుగులు మిగిలాయి’ అని గుర్తుచేసే నోటిఫికేషన్‌ని ఆఫ్ చేయనిస్తుందా. ఈ మూడోది కొన్ని యాప్‌లలో మూడు నాలుగు మెనూల లోపల దాగి ఉంటుంది, సేల్స్‌మన్ తొందరపెట్టినా వెతకండి.