ఎంత బరువు వేశారో ముందు చెప్పండి

ఇంగ్లీషు రెసిలియెన్స్‌కి మన పత్రికల ఆదివారం అనుబంధాలు 'స్థితిస్థాపకత' అని రాస్తున్నాయి. ఈ మాట నాకు కొత్త కాదు. జగిత్యాలలో తెలుగు మీడియం ఇంటర్ చదివేటప్పుడు ఫిజిక్స్‌లో దీని మీద ఒక పాఠమే ఉండేది. స్ట్రెస్‌ని అక్కడ ప్రతిబలం అంటారు, స్ట్రెయిన్‌ని వికృతి అంటారు. కడ్డీకి బరువు వేలాడదీస్తే లోపల పుట్టేది ప్రతిబలం, ఆకారంలో వచ్చే మార్పు వికృతి. బరువు తీసేస్తే మళ్లీ మొదటి ఆకారానికి వచ్చే గుణం స్థితిస్థాపకత. దానికొక అవధి ఉంటుంది. అవధి దాటితే అది ఇంక పాత కడ్డీ కాదు.

తర్వాత ఇంజనీరింగ్‌లో, మెకానికల్ ల్యాబ్‌లో, ఉక్కు కడ్డీల్ని మిషన్‌కి బిగించి తెగేదాకా లాగేవాళ్లం. ఎంత లోడ్ దగ్గర సాగింది, ఎంత దగ్గర తెగింది అన్నది రికార్డులో రాయాలి. 'కడ్డీకి పాజిటివ్ ఆటిట్యూడ్ లేదు' అని రాసి ఉంటే మా లెక్చరర్ ఆ రికార్డుని కిటికీలోంచి విసిరేసేవాడు. ఫెటీగ్ అని ఇంకో పాఠం. అవధికి ఎంతో తక్కువ బరువే అయినా లక్షలసార్లు వేస్తూ తీస్తూ ఉంటే ఉక్కు కూడా పగులుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు ఇరుసులు ఇట్లాగే విరుగుతుంటే ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీరు ఏళ్ల తరబడి పరీక్షలు చేసి దీన్ని లెక్కగట్టాడు. ఇరుసులకి ధ్యానం నేర్పుదామని మాత్రం ఆయనకి తోచలేదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ మొదటి ప్రశ్న, ఎంత బరువు వేశారు అన్నది, ఎవరూ అడగరు. నా కోపమంతా అక్కడే.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. కంపెనీ పేరు అనవసరం. మా టీమ్‌లో తొమ్మిది మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు ఐదుగురం. సర్వీసులు మాత్రం అన్నే ఉన్నాయి. తొమ్మిది వారాలకోసారి వచ్చే ఆన్‌కాల్ ఇప్పుడు ఐదు వారాలకోసారి వస్తున్నది. నలుగురిని తీసేసిన నెలలోనే పని ఒత్తిడిని జయించడం ఎలా అని గంటన్నర సెషన్ పెట్టారు. నాలుగంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చమన్నారు. పరిస్థితులు మన చేతిలో ఉండవు, వాటికి మన స్పందనే మన చేతిలో ఉంటుంది అని ఒక స్లైడ్. మా పరిస్థితులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు అదే కాల్‌లో కెమెరా ఆఫ్ చేసుకొని కూర్చున్నారు. విచిత్రం ఏందంటే, సర్వర్ల విషయంలో మాలో ఎవ్వరూ ఇట్లా ఆలోచించరు. ట్రాఫిక్ పెరిగితే ఇంకో నాలుగు సర్వర్లు పెడతాం, లేదంటే వచ్చే రిక్వెస్టుల్లో కొన్నిటిని వెనక్కి పంపిస్తాం. సర్వర్ నిండిపోకముందే అలారం మోగేలా పెట్టుకుంటాం. పడిపోయిన సర్వర్‌కి స్లైడ్లు చూపించిన ఇంజనీర్‌ని నేనింతవరకు చూడలేదు.

తెలుగు పాఠకుడికి ఈ బోధ అలవాటే. యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' నాటి నుంచీ బస్టాండ్ పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసానిదే ముందు వరస. చదివి బాగుపడ్డవాళ్లు ఉన్నారు, కాదనను. ఒక విమర్శకుడిగా (ఔత్సాహికుణ్ణే, జీతం లేని కొలువు) నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఆ పుస్తకాల వాక్యం. కర్త ఎప్పుడూ 'నువ్వు'. నువ్వు మారాలి, నువ్వు లేవాలి, నువ్వు నవ్వాలి. యజమాని, షిఫ్టు, కూలి రేటు ఆ వాక్యాల్లోకి రానే రావు. మా ధర్మపురి శేషప్ప కవి ఇంతకన్నా నయం. నరసింహ శతకంలో ఆయన తన గోడు తనలో పెట్టుకొని కుమిలిపోడు, పద్యపద్యానికీ స్వామినే పేరు పెట్టి పిలిచి చెబుతాడు. ఫిర్యాదు పైకి పోవాలన్న ఇంగితం ఆయనకుంది.

మా దిక్కు ఈ సంగతి మాట్లాడాలంటే కొండగట్టు దాకా పోవాల్సిందే. 2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాలకు బయలుదేరిన ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీంచి లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు, డ్రైవర్ కూడా. ఆ ఒక్క బస్సులో 100 మంది దాకా ఉన్నారు. జగిత్యాల డిపో బస్సు అది. ధర్మపురి వాళ్లం చిన్నప్పటి నుంచీ ఎక్కింది ఆ డిపో బస్సులే. ఆ డ్రైవర్‌కి అంతకు నెల కిందనే, ఆగస్టు 15న, ఉత్తమ డ్రైవర్ అవార్డు ఇచ్చారు. ప్రమాదానికి కారణం ఏమిటన్న విచారణలోకి నేను పోవడం లేదు. నేను చూసేది ఆ అవార్డుని. రెండు బస్సుల జనాన్ని ఒక బస్సులో లాక్కొస్తున్న ఉద్యోగానికి మనం ఇచ్చేది సర్టిఫికెట్, శాలువా. బాగా తట్టుకున్నావు, ఇంకొంచెం తట్టుకో అని దానర్థం. ప్రమాదం తర్వాత డిపో మేనేజర్‌ని సస్పెండ్ చేశారు. మళ్లీ ఒక మనిషినే వెతికి పట్టుకున్నారన్నమాట. ఆ రూట్‌కి ఎన్ని బస్సులు కావాలన్న లెక్క సస్పెండ్ కాదు కదా.

మరుసటి ఏడాది అక్టోబర్ 5 నుంచి ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్న డిమాండే జనానికి గుర్తుంది గానీ, ఖాళీలు నింపాలన్నది కూడా అందులో ఉంది. ఖాళీ నింపడమంటే బరువుని ఇంకో మనిషికి పంచడం. ఒత్తిడి గురించి ఇంతకన్నా సూటి మాట నేను ఏ సెషన్‌లోనూ వినలేదు. సమ్మె ముగిశాక ముఖ్యమంత్రి కేసీఆర్ కార్మికులను ప్రగతి భవన్‌కి పిలిచి భోజనం పెట్టారు, పదవీ విరమణ వయసు 58 నుంచి 60కి పెంచుతామన్నారు. యూనియన్లు మాత్రం రెండేళ్లు వద్దన్నారు. వాటి బదులు డిపోకి ఇద్దరితో సంక్షేమ మండలి. మా ఆఫీసు సెషన్ పేరు కూడా 'వెల్‌బీయింగ్' అనే.

మా చిన్నమ్మ ఇరవై ఏళ్లు బీడీలు చేసింది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. కంపెనీ ఇచ్చిన ఆకులో చిల్లులుంటే తక్కువపడ్డది తనే కొనుక్కోవాలె, వెయ్యి మాత్రం వెయ్యి అప్పజెప్పాలె. మెడలు గుంజుతున్నా ఒళ్లోంచి చాట దించకపోయేది. చూసినోళ్లు ఎంత ఓపిక అనేటోళ్లు. "ఓపిక లేదు ఏం లేదు బిడ్డా, ఆకు మంచిగిస్తే ఏడింటికే లేస్తుంటి" అన్నది నాతో ఒకసారి.

ఊపిరి కసరత్తులు ఉత్తివే అని నేననను. రాత్రి మూడింటికి అలారం మోగి మళ్లీ నిద్ర పట్టకపోతే నేనూ అదే చేస్తాను. నిజంగా కుంగిపోతున్నవాళ్లు డాక్టర్‌ని కలవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు, అందులో సిగ్గేం లేదు. చికిత్సను ముందు పెట్టి కారణాన్ని వెనక దాచడంతోనే నా తగువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని నిర్వచించినప్పుడు దాన్ని జబ్బుగా లెక్కించలేదు, ఉద్యోగానికి సంబంధించిన పరిణామం అన్నది. బ్రిటన్‌లో 233 సంస్థల్లో పనిచేసే 46,336 మంది సమాధానాల్ని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ పరిశీలించి 2024లో ప్రచురించాడు. రెసిలియెన్స్ శిక్షణలు, మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు, యాప్‌లు వాడినవాళ్లు వాడనివాళ్లకన్నా మెరుగ్గా ఏమీ లేరు. ఒక్క సమయంలో తీసిన సర్వే కాబట్టి ఇదే చివరి మాట అనలేను. కానీ ఈ శిక్షణలు అమ్మేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

మన దగ్గర ఐటీ కంపెనీలకు షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలోని పనిగంటల సెక్షన్ల నుంచి ఏళ్లుగా మినహాయింపు ఉంది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలట. కర్ణాటకలో 2024 జూలైలో ఐటీ పనిదినాన్ని 14 గంటలకు సాగదీసే ప్రతిపాదన వస్తే, అక్కడి ఐటీ ఉద్యోగుల యూనియన్ కిటు బహిరంగంగా అడ్డం తిరిగింది. హైదరాబాద్‌లో అంత దూరం పోలేకపోతే పోనీ, కనీసం బరువు ఎంతో తూచి రాసుకోవచ్చు. మేం ఐదుగురం ఒక షీట్ మొదలుపెట్టాం: ఏ వారం ఎన్ని అలారాలు, ఎవరు ఎన్ని గంటలు మేలుకున్నారు. పోయిన నెల నా వారంలో రాత్రి పదకొండు దాటాక 17 వచ్చాయి. ఆ షీట్‌ని ఐదుగురి పేర్లతో మేనేజర్‌కి పంపి, నాలుగు ఖాళీలు ఎప్పుడు నింపుతున్నారని అడిగాం.