సమాన స్థలమంటే సమానత్వం కాదు

కట్టడం లేవకముందే అందులో జనం ఎలా మసలుతారో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసే పద్ధతి వచ్చింది. ఆ లెక్కలో స్త్రీలు ఎక్కడున్నారు?

2017లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరుగుదొడ్ల ముందు క్యూలను ఇలాగే లెక్కించారు. మగవాళ్లు సగటున 11 సెకండ్లు ఆగితే, స్త్రీలు 6 నిమిషాలకు పైగా నిలబడాల్సి వస్తుందని తేలింది. ఒకే విస్తీర్ణంలో మగవాళ్లకు ఎక్కువ వసతి ఇముడుతుంది. స్త్రీలకేమో సమయం ఎక్కువ పడుతుంది.

"చెరిసగం ఇచ్చాం కదా" అనే అధికారులకు ఇదే జవాబు. ఉమ్మడి మరుగుదొడ్లయితే స్త్రీల నిరీక్షణ నిమిషంన్నరకు తగ్గుతుందనీ ఆ లెక్క చెప్పింది. కానీ గడియ పడని, లైటు వెలగని చోట అది పరిష్కారం కాదు. స్త్రీలకే ఎక్కువ గదులు కావాలి. మరుగు దొరకదని దాహం చంపుకునే ఆడవాళ్లకు ఇది ఆరోగ్య సమస్య, హక్కుల సమస్య కూడా.

యంత్రానికి పక్షపాతం లేదంటారు. దానికి 'మనిషి' అంటే ఎవరో చెప్పేది మనుషులే. ఒట్టి చేతులతో చకచకా నడిచే మగవాణ్నే చూపితే, చంకలో బిడ్డతో, నిండు నెలలతో వచ్చే స్త్రీ దాని లెక్కకు రాదు.

మీ ఊళ్లో బస్టాండు, కోర్టు, ఆసుపత్రి ఏది కట్టబోతున్నా ప్లాను దశలోనే అడగండి: ఎవరిని లెక్కించారు? గోడలు లేచాక అడిగితే నిధుల్లేవంటారు.